గదికి చలువయా, బీరువాకు చలువయా?

గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షాను (1550–1580) తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. తపతి సూర్యుని కూతురు. ఆమె పేరులోనే తాపమున్నది. ఆ ప్రభువు పేరును తలపించు ఇబ్రహీంపట్నము చుట్టుపట్ల నేడొక క్రొత్తరకపు తాపము పుట్టుచున్నది. అది ఎండవలన కలిగినది కాదు, పొయ్యివలన కలిగినదియు కాదు. కిటికీలు లేని గదులలో, రాత్రింబవళ్లు ఆగక పనిచేయు కంప్యూటరు యంత్రములనుండి అది వెలువడుచున్నది.

2020 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము, అమెజాన్ సంస్థకు చెందిన వెబ్ సర్వీసెస్ శాఖ హైదరాబాదు పరిసరములలో 20,761 కోట్ల రూపాయల పెట్టుబడితో డేటా సెంటర్లు నెలకొల్పునని ప్రకటించినది. అందుకు చందనవెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీ ప్రాంతములు ఎన్నిక చేయబడినవి. మూడును రంగారెడ్డి జిల్లాలోనివే. ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీ ప్రాంతములు రెండును ఇబ్రహీంపట్నమునకు పడమటి వైపున, ఎక్కువ దూరము లేని చోట్లు. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాదు కేంద్రము పని మొదలుపెట్టినది. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిలులో చెల్లింపుల సమాచారము ఈ దేశములోనే భద్రపరుపబడవలెనని ఆజ్ఞాపించుటయు, ఇంటింటి అంగడిలో సెల్‌ఫోనుతో పైకము చెల్లించు అలవాటు వ్యాపించుటయు ఇట్టి కేంద్రముల పెరుగుదలకు తోడ్పడినవి.

ఇది పెద్దవారి సంగతి. చిన్నవారి సంగతి వేరుగా నున్నది. ఇబ్రహీంపట్నము మండలములో మంగళ్‌పల్లి, శేరిగూడ మొదలగు చోట్ల ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. కళాశాలకొక సర్వరు గది, బ్యాంకు శాఖకొక చిన్న గది, ఆసుపత్రికొక మూల, సర్కారు కచేరీకొక అలమార. వీనిలో నాలుగైదు యంత్రములకొరకు గదినంతను చల్లబరచుట నేటి ఆచారము. ఈ ఆచారమునకు మారుగా, యంత్రములను మూత బిగించిన బీరువాలో నుంచి, ఆ బీరువాను మాత్రమే చల్లబరచు పద్ధతి యొకటి కలదు. ఇది మేలైనదా? ఎవరికి మేలైనది? విద్యుత్తు ఎంత, నీరు ఎంత? ఈ ప్రశ్నలు ఇంజనీర్లకు మాత్రమే వదలివేయదగినవి కావు. నీరును విద్యుత్తును అందరివి కనుక, లెక్కయు అందరికి తెలియవలెను.

వేడి యెక్కడిది?

కంప్యూటరు చేయు పని లెక్కించుట, గుర్తుంచుకొనుట. దానిలో బరువు లేచునది లేదు, బండి కదలునది లేదు. కనుక అది త్రాగిన విద్యుత్తు యావత్తును తుదకు వేడిగానే మారును. పది కిలోవాట్ల విద్యుత్తు వాడు సర్వర్ల వరుస, పది కిలోవాట్ల పొయ్యితో సమానము. భేదమొక్కటే: పొయ్యి వేడెక్కవలెనని మనము కోరుదుము, సర్వరు వేడెక్కిన పాడగును.

ఈ బాధ నేటిది కాదు. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ యంత్రములో సుమారు 18,000 వాల్వు దీపములుండెను. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును వాడెను. దాని వేడిని వెడలగొట్టుటకు పెద్ద పంకాలు కావలసివచ్చెను. మన దేశములో 1955–56లో కలకత్తా నగరమున భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో మొదటి డిజిటల్ కంప్యూటరు నెలకొన్నది. మన హైదరాబాదులో డాక్టరు ఎ.ఎస్. రావుగారి ఆధ్వర్యమున 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి.–12 అను స్వదేశీ కంప్యూటరును తయారుచేసినది. ఆ తరములలో కంప్యూటరు గది యనగా చల్లని గది యనియే అర్థము. యంత్రము గది యంత పెద్దదిగా నున్నప్పుడు గదిని చల్లబరచుట న్యాయమే. యంత్రము బీరువా యంతకు కుదించుకొని పోయిన తరువాత కూడ గదినే చల్లబరచుచుండుట అలవాటు చేత వచ్చినది.

గదినంతను చల్లబరచు పద్ధతి

పెద్ద కేంద్రములలో ఈ పద్ధతి యిట్లుండును. నేలకు పైన పలకలతో మరియొక నేల పరచెదరు. రెండు నేలల నడుమ చల్లని గాలిని శీతల యంత్రములు నెట్టును. చిల్లులున్న పలకల గుండ ఆ గాలి పైకి వచ్చి, సర్వర్ల ముందుభాగమున ప్రవేశించి, వెనుకభాగమున వేడిగా వెలువడును. ఆ వేడిగాలి గది పైకప్పు క్రింద చేరి మరల శీతల యంత్రమును చేరవలెను. చిత్రములో ఇది చక్కగా నుండును. నిజమైన గదిలో వేడిగాలి చల్లగాలితో కలిసిపోవును. వేడిగాలి కొంత బీరువాల పైనుండి చుట్టి వచ్చి మరల ముందుభాగములో దూరును. చల్లగాలి కొంత యంత్రమును తాకకుండగనే తిరిగిపోవును. ఒక మూల యంత్రములు చలికి వణకుచుండ, మరియొక మూల యంత్రములు ఉడుకుచుండును. ఉడుకుచున్న మూలకొరకు గదినంతను మరికొంత చల్లబరచెదరు. ఎండలో నిలిచిన ఒక్క మనిషికి నీడ కావలెనని ఊరంతటికి పందిరి వేసినట్లు.

1990 ప్రాంతములనుండి నిపుణులు దీనికొక సవరణ చేసిరి. బీరువాలను ఎదురెదురుగా నిలిపి, ముఖములున్న నడవను చల్లని నడవగను, వీపులున్న నడవను వేడి నడవగను ఏర్పరచిరి. తరువాత ఆ నడవలకు తలుపులు, పైకప్పులు వేసి గాలులు కలియకుండ చేసిరి. ఇది చాల మేలు చేసినది. గదిని వణకునంత చల్లబరచవలెనను నమ్మకము గూడ సడలినది. యంత్రములోనికి పోవు గాలి 18 మొదలు 27 డిగ్రీల వరకు నుండవచ్చునని అమెరికాలోని శీతలీకరణ ఇంజనీర్ల సంఘము సిఫారసు చేసియున్నది. అయినను మన చిన్న సర్వరు గదులలో శీతల యంత్రమును 18 డిగ్రీల వద్ద నుంచి, లోనికి పోవువారు శాలువ కప్పుకొని పోవు దృశ్యము అరుదు కాదు.

మూసిన బీరువా

గాలులు కలియకుండుటకు నడవను మూయుట ఒక మెట్టు. బీరువానే మూయుట తరువాతి మెట్టు. ఇందులో యంత్రములున్న బీరువాకు ముందు వెనుక తలుపులు గట్టిగా బిగింపబడును. ప్రక్కభాగమున గాని అడుగున గాని ఒక రేడియేటరు, కొన్ని పంకాలు అమర్చబడును. సర్వర్ల వెనుకనుండి వచ్చిన వేడిగాలి రేడియేటరు గుండ పోయి చల్లబడి, మరల సర్వర్ల ముందునకు వచ్చును. ఆ గాలి బీరువాను దాటి బయటకు రాదు. రేడియేటరులోని గొట్టములలో ప్రవహించు నీరు వేడిని మోసికొనిపోవును. 2006లో హెచ్.పి. సంస్థ నీటి గొట్టములతో కూడిన ఇట్టి బీరువాను అంగడిలోనికి తెచ్చి, 30 కిలోవాట్ల వేడివరకు అది భరించునని చెప్పినది. అదే సంవత్సరము సన్ మైక్రోసిస్టమ్స్ వారు ఓడలపై సరుకు మోయు ఇనుప పెట్టెలో ఒక చిన్న డేటా సెంటరునే అమర్చి చూపిరి.

దీనిలోని లాభము తెలియుటకు ఉపాధ్యాయులు నల్లబల్లపై ఒక చిన్న లెక్క వేయించవచ్చును. ఒక ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు సుమారు 1.2 కిలోజౌళ్లు చాలును. అంతే నీటికి సుమారు 4,180 కిలోజౌళ్లు కావలెను. అనగా ఒకే పరిమాణములో నీరు గాలికంటె సుమారు 3,500 రెట్లు వేడిని మోయగలదు. పది కిలోవాట్ల బీరువాలో గాలి పది డిగ్రీలు వేడెక్కుననుకొనుడు. ఆ వేడిని మోయుటకు నిమిషమునకు 50 ఘనమీటర్ల గాలి కావలెను. అది మూడు నిమిషములలో ఒక తరగతి గదిలోని గాలి యంత. అదే పనిని నీటికి అప్పగించినచో నిమిషమునకు పదునైదు లీటర్లు, అనగా సుమారొక బిందెడు, చాలును. గాలిని గది ఈ కొననుండి ఆ కొనకు పరుగెత్తించుటకు మారుగా మూరెడు దూరము తిప్పి, మిగిలిన దూరమంతయు నీటిచే మోయించుట మూసిన బీరువాలోని కిటుకు.

పంకాల విషయములో మరియొక నియమమున్నది. పంకా వేగమును సగము చేసినచో గాలి సగమగును. కాని అది వాడు విద్యుత్తు ఎనిమిదవ వంతుకు దిగును. దారి పొట్టిదై, గాలి తక్కువ చాలినప్పుడు మిగులు ఎంతయో దీనినిబట్టి ఊహింపవచ్చును. గాలులు కలియనందున నీరు మంచువలె చల్లగా నుండనక్కరలేదు. నీరు ఎంత గోరువెచ్చనిదైన, దానిని చల్లార్చుటకు అంత తక్కువ శ్రమ.

మన ప్రాంతమునకు పనికివచ్చు మేళ్లు మరి కొన్ని గలవు. మూసిన బీరువాలోనికి దుమ్ము చేరదు. బాటలు వేయుచు, మేడలు కట్టుచు ఎప్పుడును దుమ్ము రేగు ఊరివెలుపలి ప్రదేశములలో ఇది చిన్న సంగతి కాదు. పంకాల రొద గదిలో వినబడదు. పాఠము జరుగుచున్న గది మూలనే బీరువా నిలుపవచ్చును. నిప్పు పుట్టినచో ఆర్పెడి వాయువు గదికంతకు గాక బీరువాకు మాత్రమే చాలును. వేరొక గది కట్టుటకు ధనము లేని బడికి, ఆసుపత్రికి ఇవి యన్నియు లెక్కలోనికి వచ్చును.

మూసివేయుటలో మేలున్నదని చూపిన విచిత్రమైన ప్రయోగమొకటి స్కాట్లండు సముద్రములో జరిగినది. మైక్రోసాఫ్టు సంస్థ 2018లో ఆర్క్నీ దీవుల వద్ద 864 సర్వర్లను ఒక ఉక్కు గొట్టములో నుంచి, నత్రజని వాయువు నింపి, సముద్రగర్భమునకు దించినది. రెండేండ్ల తరువాత 2020లో పైకి తీసి చూడగా, నేలమీది యంత్రములకంటె అవి ఎనిమిదవ వంతు మాత్రమే చెడినవని ఆ సంస్థ తెలిపినది. ప్రాణవాయువును తేమయు లేకుండుట, మనుష్యుల చేయి తగులకుండుట దీనికి కారణములు కావచ్చునని భావించిరి. అయినను ఆ ప్రయోగమును వారు కొనసాగింపలేదు. మూత బిగించినది బాగుచేయుటకు అందదు. అది ప్రతి మూసిన పెట్టెకును గల లోపమే.

వంటింటి ఫ్రిజ్జు

ఇంతవరకు చెప్పినది విన్నవారు బీరువాయే ఉత్తమమని తలంచుట సహజము. ఇచ్చటనే ఒక పొరపాటునకు అవకాశమున్నది. ఈ బీరువాలను అమ్మువారు కొందరు వీనిని తమంత తామే చాలునవి యని వర్ణింతురు. విద్యుత్తు తీగ తగిలించిన చాలు, గది వలదు, గొట్టములు వలదు, శీతల యంత్రము అందులోనే యున్నదని చెప్పుదురు. విద్యార్థులారా, భౌతికశాస్త్రములోని పాత ప్రశ్న నొకదానిని జ్ఞాపకము చేసికొనుడు: తలుపులు మూసిన వంటింట్లో ఫ్రిజ్జు తలుపు తెరచియుంచినచో వంటిల్లు చల్లబడునా? చల్లబడదు, వేడెక్కును. ఫ్రిజ్జు వేడిని నశింపజేయదు. లోపలి వేడిని వెనుకకు తోసి, తోయుటకు వాడిన విద్యుత్తును గూడ వేడిగా మార్చి దానితో చేర్చును.

కంప్రెసరు లోపలనే యున్న బీరువా ఇట్టిదే. పది కిలోవాట్ల యంత్రములను అది చల్లబరచుటకు మూడు కిలోవాట్లు వాడినదనుకొనుడు. దాని వెనుకనుండి పదమూడు కిలోవాట్ల వేడి గదిలోనికి వచ్చును. ఆ వేడిని గొట్టము ద్వారా గోడ వెలుపలకు పంపనిచో గది కొలిమి యగును. అప్పుడు గదికి మరల శీతల యంత్రము పెట్టవలసి వచ్చును. ఒక పనికి రెండు కూలీలు ఇచ్చినట్లగును. సర్వరును పెట్టెలో మూయవచ్చును గాని, వేడిని పెట్టెలో మూయుటకు వీలు లేదు. బీరువా కొనువారు మొదట అడుగవలసిన ప్రశ్న: ఈ వేడి చివరకు ఎక్కడికి పోవును?

రెండవ ప్రమాదము విద్యుత్తు ఆగినప్పుడు కనబడును. బ్యాటరీల మీద సర్వర్లు నడచుచుండును. శీతల యంత్రము మాత్రము ఆగిపోవును. పెద్ద గదిలో గాలియు, గోడలును, నేలయు కొంత వేడిని తమలో దాచుకొని కొంత వ్యవధి నిచ్చును. మూసిన బీరువాలో ఆ వ్యవధి లేదు. పది కిలోవాట్ల బీరువాలో 500 కిలోల ఇనుమున్నదనుకొన్నను, సుమారు 22 సెకండ్లకొక డిగ్రీ చొప్పున వేడి పెరుగును. నాలుగు నిమిషములలో పది డిగ్రీలు పెరుగునన్నమాట. కనుక బీరువాలోని పంకాలకును, నీటిని త్రిప్పు పంపునకును బ్యాటరీ ఆధారముండి తీరవలెను. వేడి హద్దు మీరినచో తలుపు దానంతటదే తెరచుకొను ఏర్పాటు ఉండవలెను. ఈ రెండును లేని బీరువా ఎంత చౌకగా దొరకినను కొనదగినది కాదు.

మూడవది నీటి భయము. విద్యుత్ యంత్రముల ప్రక్కనే నీటి గొట్టమా యని పలువురు శంకింతురు. శంక అకారణము కాదు. కాని అనుభవము పాతది. ఐ.బి.ఎం. సంస్థ 1980లో వెలువరించిన 3081 యంత్రము నీటితోనే చల్లబడెను. 1985లో వచ్చిన క్రే–2 మహాయంత్రము విద్యుత్తును ప్రసరింపనీయని ఒక ద్రవములో మునిగియే పనిచేసెను. గొట్టములను కనిపెట్టియుండు మనిషి కావలెను, అంతే. ఆ మనిషి లేని కచేరీలో గొట్టము పెట్టుట తప్పు.

నీటి లెక్క

బీరువానుండి బయటికి వచ్చిన వేడి తుదకు ఆకాశమునకు చేరవలెను. అందుకు రెండు మార్గములు. కారు రేడియేటరువలె పొడిగాలికి వేడిని అప్పగించుట ఒకటి. కుండలోని నీరు చల్లబడునట్లు, నీటిని ఆవిరిగా వదలి చల్లార్చుట రెండవది. ఆవిరి పద్ధతిలో విద్యుత్తు తక్కువ, నీరు ఎక్కువ. పొడి పద్ధతిలో నీరు లేదు, విద్యుత్తు ఎక్కువ. ఉచితమైన మార్గము మూడవది లేదు.

ఒక లీటరు నీరు ఆవిరి యగునప్పుడు సుమారు 2.4 మెగాజౌళ్ల వేడిని తీసికొనిపోవును. ఒక యూనిట్టు విద్యుత్తు 3.6 మెగాజౌళ్లు. కనుక యూనిట్టుకు లీటరున్నర నీరు. ఒక మెగావాటు యంత్రముల వేడిని ఆవిరి ద్వారానే వదలినచో దినమునకు సుమారు 35,000 లీటర్లు గాలిలో కలిసిపోవును. మిషన్ భగీరథ పథకములో పల్లెలందు మనిషికి దినమునకు 100 లీటర్లు అని లెక్క పెట్టుకొనిరి. అనగా ఒక్క మెగావాటు 350 మంది నీటిని త్రాగును. నీటిలోని ఉప్పు పేరుకొనకుండ అప్పుడప్పుడు పారబోయు నీరు దీనికి అదనము.

ఇబ్రహీంపట్నము వారికి నీటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఇది గొప్ప నది ఒడ్డున నున్న ఊరు కాదు. పెద్దచెరువును, బోరుబావులను నమ్ముకొనిన మెట్టప్రాంతము. హైదరాబాదు నగరమునకు కృష్ణాజలములు నాగార్జునసాగరము వైపునుండి మెట్టుమెట్టుగా పైకి తోడబడి, ప్రక్కనున్న యాచారము మండలములోని గున్‌గల్ మీదుగా నగరము చేరును. ఆ పథకము మొదటి దశ 2004లో పూర్తియైనది. ఇంత ఎత్తునకు తోడిన ప్రతి లీటరులోను విద్యుత్తు ఖర్చు దాగియున్నది. విద్యుత్తు మిగుల్చుటకు నీరు పోయుచున్నామనుకొనువారు, ఆ నీరు వచ్చుటకు పోసిన విద్యుత్తును గూడ లెక్కలో వ్రాయవలెను.

ఇంకొక చిక్కు. ఆవిరి పద్ధతి మిక్కిలి బాగుగా పనిచేయునది పొడిగాలి వీచు ఏప్రిలు, మే నెలలలో. చెరువులు ఎండునదియు ఆ నెలలలోనే. యంత్రమునకు దాహమెక్కువైన దినమును, మనిషికి దాహమెక్కువైన దినమును ఒక్కటే.

ఇచ్చట మూసిన బీరువాకును, దాని తరువాతి మెట్టునకును అసలు ప్రయోజనము కనబడుచున్నది. వేడి ఎప్పుడును వేడివస్తువునుండి చల్లని వస్తువునకే ప్రవహించును. బీరువానుండి వచ్చు నీరు బయటి గాలికంటె వేడిగా నున్నచో, దానిని చల్లార్చుటకు గాలియే చాలును. కంప్రెసరును ఆవిరియు అక్కరలేదు. గాలిని మధ్యవర్తిగా నుంచిన పద్ధతిలో ఆ నీరు 20, 25 డిగ్రీలకు మించి వేడెక్కుటకు వీలు తక్కువ. మన చలికాలపు రాత్రులలో అది ఉపయోగపడును. మే నెల మధ్యాహ్నమున ఉపయోగపడదు. నీటిని నేరుగా చిప్పు మీది లోహపు పలకలోనికి పంపినచో సంగతి మారును. 2012లో జర్మనీలో మ్యూనికు నగరము వద్ద నెలకొన్న సూపర్‌మక్ మహాయంత్రము సుమారు 40 డిగ్రీల వేడినీటితోనే చల్లబడుచుండెను. శీతకాలమున ఆ వేడి భవనమును వెచ్చబరచుటకు ఉపయోగపడెను. మనకు భవనము వెచ్చబరచు అవసరము లేదు గాని, నీరు వృథా కాకుండ వేడిని వదలు మార్గము మిక్కిలి అవసరము.

ఎవరికి ఏది తగును?

డేటా సెంటర్ల పొదుపును కొలుచుటకు 2007నుండి ఒక కొలత వాడుకలో నున్నది. కేంద్రమునకు వచ్చిన మొత్తము విద్యుత్తును, అందులో కంప్యూటర్లు వాడిన విద్యుత్తుతో భాగింతురు. ఫలితము 1 అయినచో వ్యర్థము లేదన్నమాట. అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ ప్రపంచములోని కేంద్రములను విచారింపగా, 2007లో సగటు 2.5 ఉండెను, 2023లో 1.58 ఉండెను. అనగా యంత్రములు నూరు యూనిట్లు వాడినచో చలువకును ఇతర ఖర్చులకును మరి 58 యూనిట్లు. గూగుల్ వంటి సంస్థలు తమ పెద్ద కేంద్రములలో దీనిని 1.1 వరకు దించుకొన్నవి. వారు దానిని సాధించినది ప్రతి బీరువాను మూసి కాదు. నడవలను మూసి, గాలిని వెచ్చగా నుంచి, బయటి వాతావరణమును వాడుకొని. కనుక పెద్దదైన, చక్కగా నిర్వహింపబడు మందిరములో మూసిన బీరువా వలన కలుగు అదనపు లాభము స్వల్పము. బీరువాకొక రేడియేటరు, బీరువాకొక పంకా, బీరువాకొక గొట్టము పెట్టుటలో ఖర్చు మాత్రము అధికము.

ఈ బీరువా రెండు చివరలలో రాణించును. ఒక చివర చిన్న కచేరీ: నాలుగు యంత్రములు, వేరు గది లేదు, దుమ్మున్నది. ఇచ్చట గదినంతను చల్లబరచుట వ్యర్థము. వేడిని గోడ వెలుపలకు పంపు మూసిన బీరువా ఉచితము. రెండవ చివర మిక్కిలి వేడియైన యంత్రములు. కృత్రిమ మేధ కొరకు ఎన్‌విడియా సంస్థ 2024లో ప్రకటించిన 72 చిప్పుల బీరువా ఒక్కటే సుమారు 120 కిలోవాట్లు వాడును. దానిని గాలితో చల్లబరచవలెనన్న నిమిషమునకు 600 ఘనమీటర్ల గాలి కావలెను. అది తుపాను గాని చలువ కాదు. అందుచే దానిని ద్రవముతోనే చల్లబరచుచున్నారు. ఈ రెంటి నడుమనున్న సామాన్య మందిరములకు నడవలు మూయుట చాలును.

ఒక్క హెచ్చరిక. పొదుపు పెరిగినంత మాత్రమున మొత్తము ఖర్చు తగ్గునని నమ్మరాదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025లో ప్రకటించిన అంచనా ప్రకారము, 2024లో ప్రపంచములోని డేటా సెంటర్లు సుమారు 415 వందకోట్ల యూనిట్ల విద్యుత్తును వాడినవి. 2030 నాటికి అది సుమారు 945 వందకోట్ల యూనిట్లు కావచ్చును. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నములో ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో గిగావాటు స్థాయి కేంద్రమును స్థాపింతునని ప్రకటించినది. గిగావాటనగా వేయి మెగావాట్లు. మన పై లెక్క ప్రకారము, అంత వేడిని ఆవిరి ద్వారానే వదలవలసి వచ్చినచో దినమునకు మూడున్నర కోట్ల లీటర్ల నీరు కావలెను. నిర్మాతలు వేరు పద్ధతి ఎన్నుకొనవచ్చును. ఎన్నుకొనుటకు వేరు పద్ధతులు గలవు కనుకనే, ఎన్నిక ఎట్లు జరిగినదో తెలిసికొను హక్కు ఆ ప్రాంత ప్రజలకున్నది.

అడుగవలసిన ప్రశ్నలు

తమ ఊరి సమీపమున డేటా సెంటరు వచ్చుననగానే పౌరులు సాధారణముగా అడుగునది ఉద్యోగములెన్ని యని. అది న్యాయమైన ప్రశ్నయే. దానితోపాటు మరి నాలుగు ప్రశ్నలు అడుగుట మేలు. నూరు యూనిట్ల గణనకు చలువ ఖర్చు ఎన్ని యూనిట్లు? యూనిట్టుకు నీరెంత? ఆ నీరు మంచినీరా, శుద్ధిచేసిన మురుగునీరా? మే నెలలో చెరువు అడుగంటినప్పుడు ఏర్పాటేమి? ఈ నాలుగింటికి అంకెలతో సమాధానము చెప్పగల కేంద్రము గౌరవింపదగినది. చెప్పనిదానిని మరల అడుగవలెను.

చిన్న సంస్థల వారికి ఇంకను సులభమైన పని కలదు. బీరువాలు కొనకముందే తమ సర్వరు గదిలో ఒక ఉష్ణమాపకమును యంత్రము ముందును, మరియొక దానిని వెనుకను ఉంచి వారము దినములు వ్రాసికొనవలెను. ముందున 18 డిగ్రీలున్నచో 24కు పెంచి చూడవచ్చును. ఖాళీ అరలకు అట్టలు బిగించి, వేడిగాలి ముందునకు తిరిగి రాకుండ చేయవచ్చును. ఈ పని విద్యార్థులచే చేయించినచో పాఠమును జరుగును, బిల్లును తగ్గును. ఆ తరువాత గూడ బీరువా కావలెనన్న, ఎంత వేడికి కావలెనో అంకెలే చెప్పును.

ఇబ్రహీంపట్నము కళాశాలలలో చదువు బాలబాలికలలో పలువురు రేపు ఈ కేంద్రములలోనే పనికి కుదురుదురు. వారి తల్లిదండ్రులలో చాలమంది బోరుబావి క్రింద పైరు పెట్టువారు. కుమారుడు కాపాడు యంత్రమునకును, తండ్రి తడుపు మడికిని నీరు ఒకే భూగర్భమునుండి రావలసిన దినము రాకుండ చూచుకొనుట ఆ కుమారుని చదువులో భాగము కావలెను. సర్వరును పెట్టెలో నుంచి మూత బిగించుట నేర్చుకొన్నవాడు, మూత వెలుపలకు పోయిన వేడి లెక్కను గూడ తన పుస్తకములో వ్రాసికొన్ననాడే ఆ విద్య పూర్తియైనట్లు.